ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ఫాస్ట్ ఛార్జింగ్ ప్రమాణాలు

ఫోను, ట్యాబ్లెట్, ల్యాప్‌టాప్ బ్యాటరీలను మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేదానికి మించిన శక్తితో నింపే పద్ధతులన్నిటికీ కలిపి ఫాస్ట్ ఛార్జింగ్ అని పేరు. ఎంత వోల్టేజీ ఇవ్వాలి, ఎంత కరెంటు తీసుకోవచ్చు అన్నది ఛార్జరూ పరికరమూ ముందే తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే పద్ధతిని నిర్దేశించేదే ఫాస్ట్ ఛార్జింగ్ ప్రమాణం. అందరికీ ఉమ్మడిగా ఉన్నది యూఎస్‌బీ పవర్ డెలివరీ. వాడుకలో పీడీ అంటారు. క్వాల్‌కామ్ క్విక్ ఛార్జ్, ఒప్పో వూక్, సూపర్‌వూక్, షావోమీ హైపర్‌ఛార్జ్, హువావే సూపర్‌ఛార్జ్ లాంటివి కంపెనీలు సొంతంగా వేసుకున్న దారులు.

కొనేవారికి కనిపించేది మాత్రం డబ్బా మీద పెద్దగా అచ్చేసిన వాట్ల అంకె ఒక్కటే. అది ఛార్జర్ ఇవ్వగలిగిన గరిష్ఠం. చేతిలో ఉన్న ఫోను అంతా తీసుకుంటుందని దాని అర్థం కాదు. ఛార్జర్, కేబుల్, పరికరం ఈ మూడింట్లో ఏది తక్కువకు ఒప్పుకుంటే ఛార్జింగ్ ఆ వేగంతోనే నడుస్తుంది. 67 వాట్ల ఛార్జర్‌కు పెట్టిన వేరే కంపెనీ ఫోను పది వాట్లతో నత్తనడక నడిచిందంటే రెండింటిలో ఏదీ పాడైనట్టు కాదు, వాటికి ఉమ్మడి భాష లేదన్నమాట. అందువల్ల ఎంపికలో మొదట చూడాల్సింది వాట్లను కాదు, ప్రమాణాన్ని.

రెండున్నర వాట్ల నుంచి

యూఎస్‌బీ పుట్టింది మౌసు, కీబోర్డు, ప్రింటర్ లాంటివాటిని కంప్యూటర్‌కు తగిలించడానికి. ఛార్జింగ్ దాని ఉద్దేశం కాదు. యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల వద్ద అర ఆంపియర్, అంటే 2.5 వాట్లు మాత్రమే ఇస్తుంది. నేటి 5,000 ఎంఏహెచ్ ఫోను బ్యాటరీలో దాదాపు 19 వాట్-అవర్ల శక్తి పడుతుంది. ఆ పోర్టుతో నింపాలంటే, దారిలో పోయే నష్టాలు కలుపుకుని, ఎనిమిది గంటలు దాటుతుంది.

ఆ రోజుల్లో ఫోను ఛార్జర్లు కంపెనీకో రకం. నోకియా సన్న పిన్ను ఒక్కటే చాలా ఇళ్లలో దొరికేది. చైనా 2006లో ఫోను ఛార్జర్లకు యూఎస్‌బీని ప్రమాణం చేసింది. ఐరోపా సంఘం ఒత్తిడితో 2009లో ప్రధాన ఫోన్ కంపెనీలు మైక్రో యూఎస్‌బీకి ఒప్పుకున్నాయి. మన దుకాణాల్లో ‘బి టైపు’ అని అడిగేది దాన్నే. 2010లో వచ్చిన బ్యాటరీ ఛార్జింగ్ 1.2 నియమాల్లో ఒక చిన్న చిట్కా ఉంది. ఛార్జర్ తన రెండు డేటా తీగలనూ లోపలే కలిపేస్తే అవతల ఉన్నది కంప్యూటర్ కాదు, గోడకు పెట్టిన ఛార్జర్ అని ఫోను పసిగట్టి 1.5 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది.

అంతకు మించి వెళ్లాలంటే దారులు రెండే: వోల్టేజీ పెంచాలి, లేదా కరెంటు పెంచాలి. కరెంటు రెట్టింపైతే కేబుల్లో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. 0.1 ఓమ్ నిరోధం ఉన్న కేబుల్లో 2 ఆంపియర్లు పారితే 0.4 వాట్లు వేడిగా పోతాయి; 4 ఆంపియర్లు పారితే 1.6 వాట్లు. అందుకని క్వాల్‌కామ్ వోల్టేజీని పట్టుకుంది. దాని క్విక్ ఛార్జ్ 2.0లో డేటా తీగల మీద చిన్న వోల్టేజీ సైగలతో ఫోను 9, 12 వోల్టులు అడుగుతుంది. 2015 నాటి క్విక్ ఛార్జ్ 3.0లో 3.6 నుంచి 20 వోల్టుల దాకా 0.2 వోల్టుల మెట్లు వచ్చాయి. కానీ బ్యాటరీ సెల్‌కు కావాల్సింది నాలుగు వోల్టుల పైచిలుకే. తొమ్మిదిని నాలుగుకు దించే పని ఫోను లోపలే జరగాలి. ఫోను వేడెక్కేది అక్కడ.

ఒప్పో దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్లింది. 2014లో ఫైండ్ 7 ఫోనుతో తెచ్చిన వూక్ పద్ధతిలో వోల్టేజీని 5 దగ్గరే ఉంచి కరెంటును 4.5 ఆంపియర్లకు పెంచింది. వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు సర్దే పనిని ఫోనులోంచి తీసి అడాప్టర్‌లో పెట్టింది. ఫోను చల్లగా ఉంటుంది, అడాప్టర్ మాత్రం పెద్దదవుతుంది. కేబుల్ మందంగా ఉండాలి, పిన్నులు కూడా మామూలు మైక్రో యూఎస్‌బీ కంటే ఎక్కువ. 2016లో వన్‌ప్లస్ 3తో వచ్చిన డ్యాష్ ఛార్జింగూ ఈ కుటుంబానిదే. కేబుల్ పోగొట్టుకుని బయట మరొకటి కొన్నవాళ్లకు ఫోను ఉన్నట్టుండి ఎందుకు నెమ్మదించిందో చాలాకాలం అర్థం కాలేదు. ఇంజనీరింగ్ పరంగా ఒప్పో ఆలోచనే మెరుగని ఒప్పుకోవాలి. తర్వాత పరిశ్రమ అంతా, పీడీతో సహా, ఏదో ఒక రూపంలో అటే వచ్చింది.

టైప్-సి, పీడీ

పవర్ డెలివరీ మొదటి రూపం 2012 నాటిది. దాన్ని వాడిన పరికరాలు లేవనే చెప్పాలి. 2014లో 24 పిన్నుల టైప్-సి సాకెట్ వచ్చాకే దానికి ప్రాణం వచ్చింది. టైప్-సి అంటే సాకెట్ ఆకారం, పీడీ అంటే ఛార్జింగ్ పద్ధతి. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం కొనేచోట జరిగే పొరపాట్లలో పెద్దది. టైప్-సి పోర్టు ఉండి పీడీ ఊసే తెలియని పరికరాలు బజారునిండా ఉన్నాయి.

టైప్-సి సాకెట్‌లో సీసీ అనే పిన్నులు రెండు ఉంటాయి. ఏమీ గుచ్చనప్పుడు టైప్-సి ఛార్జర్ సాకెట్‌లో వోల్టేజీ సున్నా. ఫోను సీసీ పిన్ను దగ్గర 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. అది తగిలిందని గుర్తించాకే ఛార్జర్ 5 వోల్టులు వదులుతుంది. ఆపైన ఆ సీసీ తీగ మీదే సంభాషణ మొదలవుతుంది. తన దగ్గరున్న వోల్టేజీ, కరెంటు జతల జాబితాను ఛార్జర్ పంపుతుంది. ఫోను అందులో ఒకదాన్ని అడుగుతుంది. ఛార్జర్ సరేనంటుంది, వోల్టేజీ మార్చుకుంటుంది, సిద్ధమని కబురు పెడుతుంది. అప్పుడు ఫోను కరెంటు లాగుతుంది. ఇదంతా సెకను లోపు పని.

జాబితాలో ఏమేం ఉండాలో కూడా నియమమే. 15 వాట్ల దాకా 5 వోల్టులు చాలు. అది దాటితే 9, 27 దాటితే 15, 45 దాటితే 20 వోల్టులు ఉండాలి. మొదట్లో గరిష్ఠం 20 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 100 వాట్లు. 2021లో వచ్చిన పీడీ 3.1 దీనికి 28, 36, 48 వోల్టులు చేర్చి హద్దును 240 వాట్లకు తీసుకెళ్లింది. 12 వోల్టులు ఈ తప్పనిసరి మెట్లలో లేవు. 12 వోల్టులే కావాలని పట్టుబట్టే పాత పరికరాలు కొన్ని పీడీ ఛార్జర్ల దగ్గర మొండికేయడానికి కారణం ఇదే.

ఫోన్లకు అసలు మేలు చేసింది 2017లో వచ్చిన పీపీఎస్ అనే చేర్పు. దీనిలో వోల్టేజీ స్థిరమైన మెట్లు కాకుండా 20 మిల్లీవోల్టుల చొప్పున జరుగుతుంది. దీని ఉపయోగం దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. ఇప్పటి ఫోన్లు చాలావాటిలో ఛార్జ్ పంప్ అనే సర్క్యూట్ ఉంటుంది. అది వచ్చిన వోల్టేజీని సగం చేసి కరెంటును రెట్టింపు చేస్తుంది, చాలా తక్కువ నష్టంతో. అయితే అది సగమే చేయగలదు, మూడో వంతో నాలుగో వంతో చేయలేదు. బ్యాటరీ 4.1 వోల్టుల దగ్గరుంటే ఛార్జర్ నుంచి దాదాపు 8.3 రావాలి. కాసేపటికి బ్యాటరీ 4.2కు చేరితే 8.5 రావాలి. 9 వోల్టుల స్థిరమైన మెట్టుతో ఈ పని జరగదు. ఫోను పది సెకన్లకు ఒకసారైనా ఛార్జర్‌ను పలకరిస్తూ తనకు కావాల్సిన వోల్టేజీ చెప్పాలి. ఆ పిలుపు ఆగిపోతే ఛార్జర్ వెనక్కి తగ్గుతుంది.

సామ్‌సంగ్ ఫోన్లలో దీని ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. 25 వాట్ల వేగానికి పీపీఎస్ 3 ఆంపియర్లు ఇస్తే సరిపోతుంది. 45 వాట్లు అందుకునే మోడళ్లకు పీపీఎస్‌లో 5 ఆంపియర్లు కావాలి, కేబులూ 5 ఆంపియర్లదే ఉండాలి. కనుక పీపీఎస్ 3 ఆంపియర్ల దగ్గర ఆగిపోయే 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్ అదే ఫోనుకు 25 వాట్లే ఇస్తుంది. ఐఫోన్‌కు పీపీఎస్‌తో పట్టింపు లేదు. 2017 నాటి ఐఫోన్ 8 నుంచీ అది మామూలు పీడీతోనే వేగంగా నిండుతోంది.

కంపెనీల పోటీ

పీడీ వచ్చాక సొంత దారులు మూతపడతాయనుకున్నారు. 2016లో గూగుల్ ఆండ్రాయిడ్ 7 నిబంధనల్లో టైప్-సి ఫోన్లు వోల్టేజీని సొంత పద్ధతుల్లో మార్చవద్దని గట్టిగానే సూచించింది. క్వాల్‌కామ్ తన క్విక్ ఛార్జ్ 4లో పీడీని కలుపుకుంది. చైనా కంపెనీలు మాత్రం వేగాన్నే ప్రచారాస్త్రం చేసుకున్నాయి. 65, 80, 120 అంటూ పెంచుకుంటూ పోయి 2023లో రియల్‌మీ 240 వాట్ల ఫోను తెచ్చింది. 4,600 ఎంఏహెచ్ బ్యాటరీ పది నిమిషాల లోపు నిండుతుందని ప్రకటించింది. ఆ వేగం దాని ఛార్జర్, దాని కేబుల్‌తో మాత్రమే. ఈ చిక్కు చైనాకూ తగిలింది. కంపెనీలన్నిటికీ ఉమ్మడిగా ఉండాలని 2021లో యూఎఫ్‌సీఎస్ అనే ప్రమాణం అక్కడ రూపొందింది.

ఈ ఫోన్లను పీడీ ఛార్జర్‌కు పెడితే ఏమవుతుందన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ పాత మోడళ్లలో 80 వాట్ల ఫోను పీడీతో 18 వాట్ల దగ్గరే ఆగిపోవడం మామూలే. కొత్తవాటిలో కొన్ని పీపీఎస్‌తో అంతకంటే బాగా నిండుతాయి. ఫోను కొనేముందు ‘ఎన్ని వాట్లు’ అని కాక ‘పీడీతో ఎన్ని వాట్లు’ అని అడగడం మేలు. ఆ ప్రశ్నకు జవాబు ప్రకటనల్లో అరుదుగా దొరుకుతుంది, సమీక్షల్లో వెతుక్కోవాలి.

కేబుల్

ఈ మొత్తంలో జనం తక్కువ పట్టించుకునేది, ఎక్కువ ఇబ్బంది పెట్టేది కేబులే. రెండు చివర్లా టైప్-సి ఉన్న మామూలు కేబుల్ 3 ఆంపియర్లు మోస్తుంది, అంటే 20 వోల్టుల వద్ద 60 వాట్లు. అంతకు మించితే కేబుల్ కొనలో ఇ-మార్కర్ అనే చిప్ ఉండాలి. తాను 5 ఆంపియర్లు మోయగలనని ఛార్జర్‌కు చెప్పేది అదే. చిప్ లేకపోతే 100 వాట్ల ఛార్జర్ కూడా 60 దగ్గరే ఆగుతుంది. బయటికి రెండు కేబుళ్లూ ఒకేలా ఉంటాయి. అందుకే యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ ఇప్పుడు కేబుళ్ల మీద 60, 240 వాట్ల గుర్తులు వేయిస్తోంది.

నాసిరకం కేబుల్ ఎంత పని చేస్తుందో గూగుల్ ఇంజనీరు బెన్సన్ లియుంగ్ ఉదంతం చెబుతుంది. ఆయన 2015లో ఆన్‌లైన్‌లో అమ్మే టైప్-సి కేబుళ్లను ఒక్కొక్కటే కొని పరీక్షించి ఫలితాలు బయటపెట్టేవారు. పాత యూఎస్‌బీ-ఎ నుంచి టైప్-సికి వెళ్లే కేబుల్లో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. ‘అవతల ఉన్నది పాత పోర్టు, కొంచెమే లాగు’ అని అది ఫోనుకు చెబుతుంది. చాలా కేబుళ్లలో దాని బదులు 10 కిలో ఓమ్‌లు పెట్టి ఉండేవి. దానర్థం ‘3 ఆంపియర్లు లాగొచ్చు’ అని. అర ఆంపియర్ పోర్టు నుంచి ఫోను మూడు లాగబోతే వేడెక్కేది పోర్టు. 2016 ఫిబ్రవరిలో ఆయనకు తగిలిన కేబుల్ ఇంకా ఘోరం. దానిలో కరెంటు తీగ, ఎర్త్ తీగ తారుమారై ఉన్నాయి. గుచ్చీ గుచ్చగానే ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్ పోర్టులూ పరీక్ష పరికరాలూ పాడైపోయాయి. మరుసటి నెలలో అమెజాన్ ప్రమాణాలకు తగని టైప్-సి కేబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

తప్పు పరికరం వైపూ జరగొచ్చు. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 చిన్న కంప్యూటర్‌లో రెండు సీసీ పిన్నులకూ విడివిడిగా ఉండాల్సిన రెసిస్టర్‌ను ఒకదానితో సరిపెట్టారు. దాంతో ఇ-మార్కర్ చిప్ ఉన్న మంచి కేబుల్ పెడితే ఛార్జర్ దాన్ని హెడ్‌ఫోన్ అడాప్టర్ అనుకుని కరెంటు ఇవ్వడం మానేసేది. చిప్ లేని చవక కేబుల్‌తో మాత్రం చక్కగా పనిచేసేది! తర్వాతి బోర్డుల్లో దీన్ని సరిచేశారు.

బ్యాటరీ ఒప్పుకునేంతే

లిథియం అయాన్ బ్యాటరీని మొదట స్థిరమైన కరెంటుతో, గరిష్ఠ వోల్టేజీ చేరాక స్థిరమైన వోల్టేజీతో నింపుతారు. రెండో దశలో కరెంటు క్రమంగా తగ్గుతుంది. ఖాళీ బస్సులో ఎక్కినవాళ్లు చకచకా కూర్చుంటారు, నిండే కొద్దీ సీటు వెతుక్కుంటూ వెనక్కి నడవాలి. గ్రాఫైట్ పొరల్లో చోటు వెతుక్కునే లిథియం అయాన్లదీ అదే పరిస్థితి. తొందరపెడితే అవి లోపలికి వెళ్లకుండా పైనే లోహంగా పేరుకుంటాయి. బ్యాటరీ ఆయువు తరిగేదీ, ప్రమాదం పెరిగేదీ అలానే. డబ్బా మీది వాట్లు ఛార్జింగ్ మొదటి కొన్ని నిమిషాల అంకె మాత్రమే. 80 శాతం దాటాక పెద్ద ఛార్జరూ చిన్న ఛార్జరూ దాదాపు సమానమవుతాయి. రాత్రి పడుకునేముందు పెట్టి ఉదయం తీసేవారికి ఫాస్ట్ ఛార్జర్ అవసరమే లేదు.

పెద్ద ఛార్జర్ పెడితే ఫోను కాలిపోతుందన్న భయానికి ఆధారం లేదు. ప్రమాణాలు పాటించే 100 వాట్ల ఛార్జర్ ఫోను అడిగినంతే ఇస్తుంది. బ్యాటరీకి అసలు శత్రువు వేడి. మే నెల మధ్యాహ్నం కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, మ్యాప్ నడుపుతూ ఛార్జ్ చేస్తే ఫోను తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అది లోపం కాదు, రక్షణ. వైర్‌లెస్ ఛార్జింగ్ ఇంకాస్త ఎక్కువ వేడి పుట్టిస్తుంది. 2023లో వచ్చిన చీ2 ప్రమాణం అయస్కాంతాలతో ఫోనును సరైన చోట కూర్చోబెట్టి 15 వాట్లు ఇస్తుంది. సౌకర్యమే కానీ వేగానికి తీగే మేలు.

ల్యాప్‌టాప్‌లు

ల్యాప్‌టాప్‌లలో సొంత దారుల బెడద తక్కువ. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్, క్రోమ్‌బుక్ పిక్సెల్ టైప్-సితో ఛార్జింగ్ మొదలుపెట్టాయి. ఇప్పుడు పలచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి 45 లేదా 65 వాట్ల పీడీ సరిపోతుంది. 2021లో 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో యాపిల్ 140 వాట్ల ఛార్జర్ ఇచ్చింది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు మాత్రం ఇంకా గుండ్రటి పిన్ను పెద్ద అడాప్టర్లనే నమ్ముకున్నాయి. వాటికి టైప్-సి ఛార్జింగ్ ఉన్నా ప్రయాణంలో చిన్న పనులకే.

ల్యాప్‌టాప్‌కు 20 వోల్టులు ముఖ్యం. 9 వోల్టుల దగ్గర ఆగిపోయే ఫోను ఛార్జర్‌ను చాలా ల్యాప్‌టాప్‌లు అసలు పట్టించుకోవు. 20 వోల్టులు ఉండి వాట్లు చాలకపోతే విండోస్ నెమ్మది ఛార్జర్ అని హెచ్చరిస్తుంది. నిద్రావస్థలో నిండుతుంది, పని చేస్తుంటే బ్యాటరీ తరుగుతూ ఉంటుంది.

చట్టాలు

ఐరోపా పార్లమెంటు 2022 అక్టోబరు 4న 602 ఓట్లతో ఉమ్మడి ఛార్జర్ చట్టాన్ని ఆమోదించింది, వ్యతిరేకించినవి 13. దాని ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకు, ట్యాబ్లెట్లకు టైప్-సి తప్పనిసరి. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. ఎక్కువమంది గమనించని అంశం ఇంకొకటి ఆ చట్టంలో ఉంది. 15 వాట్లు దాటి ఛార్జయ్యే పరికరం తన సొంత పద్ధతి ఏదున్నా పీడీకి కూడా పలకాలి. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15కు టైప్-సి రావడం వెనుక ఈ చట్టమే ఉంది.

భారత ప్రమాణాల సంస్థ 2023 ఆరంభంలో టైప్-సికి ఐఎస్/ఐఈసీ 62680-1-3 ప్రమాణాన్ని ప్రకటించింది. స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి ఉండాలనీ, బటన్ ఫోన్లకు వేరే ఉమ్మడి ఛార్జర్ ఉండవచ్చనీ కేంద్రం జరిపిన చర్చల్లో కంపెనీలు సమ్మతించాయి. చవక బటన్ ఫోన్ల సంగతి వేరుగా చూడటం మన దేశానికి తగిన ఆలోచనే.

ఏది కొనాలి

ఇంట్లో వేరువేరు కంపెనీల ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ఉన్నవారికి పీపీఎస్ ఉన్న 65 వాట్ల పీడీ ఛార్జర్, 5 ఆంపియర్ల కేబుల్ మొదటి ఎంపిక. గాలియం నైట్రైడ్ వాడినవి అదే శక్తికి చిన్నగా, తేలిగ్గా వస్తాయి. సూపర్‌వూక్ లాంటి సొంత పద్ధతి ఉన్న ఫోను ఉంటే దాని సొంత ఛార్జర్‌ను ఇంట్లో ఉంచుకుని, సంచిలో పీడీ ఛార్జర్ పెట్టుకోవడం తెలివైన పని. 100 వాట్లకు వెళ్లాల్సింది ల్యాప్‌టాప్ అడిగితేనే.

అడాప్టర్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చయి ఉండే వివరాలు డబ్బా మీది అంకెకంటే నమ్మదగినవి. అవుట్‌పుట్ అన్నచోట 5, 9, 15 వోల్టుల పక్కన 3 ఆంపియర్లు, 20 వోల్టుల పక్కన 3.25 ఆంపియర్లు ఉంటే అది ల్యాప్‌టాప్‌కు పనికొచ్చే 65 వాట్ల పీడీ ఛార్జర్. ‘పీపీఎస్ 3.3–11 వోల్టులు’ అన్న వరుస ఉంటే దాని పక్కన ఉన్నది 3 ఆంపియర్లో 5 ఆంపియర్లో చూడాలి. అలాంటి వరుసలేవీ లేకుండా ‘65 వాట్లు’ అని మాత్రమే ఉన్న పీసును హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో సగం ధరకు ఇచ్చినా వదిలేయాలి. రెండు పోర్టుల ఛార్జర్‌లో రెండో పరికరం పెట్టగానే 65 కాస్తా 45, 20గా చీలిపోవచ్చు. ఆ లెక్క కూడా అడాప్టర్ మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. మన దేశంలో అమ్మే అడాప్టర్లకు, పవర్ బ్యాంకులకు భారత ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆర్ అక్షరంతో మొదలయ్యే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

పవర్ బ్యాంకు కొనేటప్పుడు ఎంఏహెచ్‌ను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 అంటే 74. ల్యాప్‌టాప్ బ్యాటరీ 60 ఉంటే, దారిలో పోయే నష్టాలు తీసేశాక ఒకసారి నిండటమే గగనం. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల లోపు, అదీ చేతి సంచిలోనే. చెకిన్ సామానులో పెట్టకూడదు.

అమెరికా చదువులకు వెళ్లేవారు ఛార్జర్ల కోసం వోల్టేజీ కన్వర్టర్ కొననక్కర్లేదు. ఇన్‌పుట్ అన్నచోట 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే అక్కడి 120 వోల్టులకు అదే పనిచేస్తుంది. కావాల్సింది పిన్ను మార్చే చిన్న అడాప్టర్ మాత్రమే. ఆ వెసులుబాటు మిక్సీకి లేదు, దానికి 110 వోల్టులదే వేరుగా కొనాలి.